పుస్తకమా, టీవీయా: నేర్చుకున్నది ఎక్కడ నిలుస్తుంది?

తెలుపు, నలుపు, నారింజ మచ్చలు మూడూ ఒకే ఒంటిమీద ఉన్న పిల్లి కనిపిస్తే అది దాదాపు కచ్చితంగా ఆడదే. నారింజ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒక్కో కణంలో వాటిలో ఏదో ఒకటి పని మానేస్తుంది కాబట్టి ఒంటిమీద రంగులు మచ్చలు మచ్చలుగా పడతాయి. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మరికొందరితో కలిసి ఈ చిన్న పాఠాన్నే దాదాపు ఒక నిమిషం వీడియోగా రెండు రకాలుగా తీసి విద్యార్థులకు చూపించారు. ఒకదాంట్లో పాఠం చెప్పే మనిషి నిటారుగా నిలబడి, కాగితం చూడకుండా, కళ్లలోకి చూస్తూ ధారాళంగా చెబుతుంది. రెండోదాంట్లో అదే మనిషి అవే మాటల్ని బల్లమీదకు వంగి, కాగితం చూసుకుంటూ, తడబడుతూ చదువుతుంది. మొదటి వీడియో చూసినవాళ్లు తమకు చాలా గుర్తుండిపోతుందని అంచనా వేసుకున్నారు. కాసేపాగి రాయిస్తే రెండు జట్లకూ గుర్తున్నది ఇంచుమించు ఒకటే. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

టీవీ గొప్పదా, పుస్తకం గొప్పదా అన్న వాదన ఎప్పటికీ తెగకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. బాగా చెప్పిన పాఠం చూసినప్పుడు అర్థమైందన్న తృప్తి వెంటనే కలుగుతుంది. ఎంత నేర్చుకున్నామన్నది మాత్రం ఆ తృప్తిని బట్టి తెలియదు. మర్నాడో వారం తర్వాతో, ఎదురుగా ఏమీ లేకుండా చెప్పగలిగినదాన్ని బట్టే తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య దూరం పుస్తకంలో తక్కువ, తెరమీద ఎక్కువ. పుస్తకంలో అర్థం కాని వాక్యం దగ్గర చదివేవాడు ఆగిపోతాడు, ఆగాడని తనకే తెలుస్తుంది. టీవీలో అర్థం కాని వాక్యం కూడా అర్థమైనదాని వేగంతోనే వెళ్లిపోతుంది.

ఈ తేడాను మొదట గట్టిగా కొలిచినవాడు ఇజ్రాయెల్‌కు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గావ్రియేల్ సాలమన్. 1984లో ప్రచురించిన పరిశోధనలో ఆయన ఆరో తరగతి పిల్లల్లో కొందరికి ఒక కథను తెరమీద చూపించాడు, మిగిలినవారికి అదే కథను అచ్చులో ఇచ్చాడు. అంతకుముందే పిల్లల్ని అడిగితే టీవీ తేలిక, చదవడం కష్టం అన్నారు. తెరమీద చూసి నేర్చుకోవడంలో తాము దిట్టలమని కూడా నమ్మారు. తీరా చూస్తే చదివిన పిల్లలు బుర్రకు ఎక్కువ పని పెట్టామని చెప్పారు. కథలో నేరుగా చెప్పని సంగతుల్ని ఊహించి చెప్పాల్సిన ప్రశ్నల్లో వాళ్లకే మార్కులు ఎక్కువ వచ్చాయి. కంటికి కనిపించిన సంగతుల్ని గుర్తుపట్టే ప్రశ్నల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

చాలామంది ఈ ఫలితాన్ని ఇక్కడితో వదిలేసి పుస్తకం గెలిచిందంటారు. సాలమన్ అంతటితో ఆగలేదు. వేరే పిల్లలకు సరదాగా చూడండి అని ఒక జట్టుకు, ఇందులోంచి నేర్చుకోవాలి అని ఇంకో జట్టుకు చెప్పి చూపించాడు. రెండో జట్టు పెట్టిన శ్రద్ధ పెరిగింది, దాంతోపాటు నేర్చుకున్నదీ పెరిగింది. తెర అదే, కార్యక్రమం అదే. మారింది కూర్చున్న తీరు ఒక్కటే. టీవీ మనిషిని మందకొడిగా చేస్తుందన్న మాట అందుకే సగమే నిజం. టీవీ ముందు కూర్చునేటప్పుడే ఇక్కడ కష్టపడనక్కర్లేదని మనసు ముందుగా ఒప్పందం చేసుకుంటుంది. ఆ ఒప్పందాన్ని మార్చవచ్చు.

దాదాపు అదే కాలంలో, 1983లో, రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ విద్యావేత్త ఇంకా తెగించి మాట్లాడాడు. బోధనా సాధనాలు సరుకు తెచ్చే లారీల వంటివని, లారీ మారినంత మాత్రాన తిండిలోని బలం మారదని ఆయన వాదన. దీనిమీద విద్యారంగంలో ఏళ్ల తరబడి చర్చ నడిచింది. క్లార్క్ మాటలో న్యాయం ఉంది, కానీ పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. కొన్ని సంగతులు కదిలే బొమ్మలో తప్ప అసలు అందవు, ఇంకొన్ని నిలకడగా ఉండే అక్షరంలో తప్ప చేతికి చిక్కవు. మన పొలాల్లోంచే ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది తేటగా కనిపిస్తుంది.

వరి విత్తన శుద్ధిని చూద్దాం. దంప నారుమడికైతే, అంటే బురద చేసిన మడికైతే, లీటరు నీటికి గ్రాము చొప్పున కార్బెండజిమ్ అనే తెగులు మందు కలిపి, ఆ నీళ్లలో కిలో విత్తనానికి లీటరు లెక్కన 24 గంటలు నానబెట్టాలి. తీసి మరో 24 గంటలు మండె కట్టి, అంటే గోనెలో మూటగట్టి ఉంచి, మొలకెత్తిన విత్తనాన్ని చల్లాలి. మెట్ట నారుమడికైతే, అంటే పొడినేల మడికైతే, కిలో పొడి విత్తనానికి 3 గ్రాముల మందు పట్టించాలి. ఈ మూడు వాక్యాల్లో మందు లెక్కలు రెండు, సమయాలు రెండు, పద్ధతులు రెండు ఉన్నాయి. టీవీలో వ్యవసాయ శాస్త్రవేత్త దీన్ని అర నిమిషంలో చెప్పేస్తాడు. చూస్తున్న రైతుకు అంతా తెలిసినట్టే ఉంటుంది. నాలుగు రోజుల తర్వాత బస్తా ముందు కూర్చున్నప్పుడు గ్రాము అన్నది లీటరుకా, కిలోకా? మూడు గ్రాములు నానబెట్టేటప్పుడా, పొడిగా కలిపేటప్పుడా? అంకెలు గుర్తుంటాయి, ఏ అంకె దేనిదన్నది తారుమారవుతుంది. ఇలాంటిది అచ్చులో ఉండాలి. వ్యవసాయ పంచాంగంలోనో కరపత్రంలోనో పేజీ తీసి, వేలు పెట్టి చూసుకోవాలి.

అదే పనిలో ఇంకో సగం ఉంది. మండె ఎలా కట్టాలి, గోనె ఎంత బిగించాలి, విత్తనం ముక్కు పగిలింది అంటే చూడటానికి ఎలా ఉంటుంది, మొలక ఎంత పొడుగొస్తే చాలు? మొలక మరీ సాగితే ఒకదానికొకటి చిక్కుకుని, చల్లేటప్పుడు విరిగిపోతాయి. చలికాలంలో మొలక ఆలస్యమవుతుంది కాబట్టి గంటలు లెక్కపెట్టి లాభం లేదు, విత్తనాన్ని చూసే నిర్ణయించుకోవాలి. దీన్ని పుస్తకం రెండు పేజీలు రాసినా రానిది అరచేతిలో గుప్పెడు విత్తనాలు దగ్గరగా చూపించిన ఐదు సెకన్ల దృశ్యంలో వస్తుంది. కొలతలు, పేర్లు, వరుసక్రమాలు అచ్చుకు చెందినవి. ఆకారం, కదలిక, రంగు, చేతి ఒడుపు, ఇంతవరకు చాలు అన్న గుర్తు తెరకు చెందినవి. రైతుల కార్యక్రమం తీసేవాళ్లు మోతాదుల పట్టికను కాగితం మీద రాసుకునేంతసేపు, అంటే కనీసం ఇరవై సెకన్లయినా, కదలకుండా తెరమీద ఉంచి, మిగిలిన సమయమంతా చేతుల్ని చూపిస్తే ఆ కార్యక్రమం విలువ రెట్టింపవుతుంది. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. మాట్లాడే మనిషి ముఖం పది నిమిషాలు, పట్టిక మూడు సెకన్లు.

చేతి పనిలో కూడా తెరకు ఒక హద్దుంది. షికాగో యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి ఒక విద్యను వీడియోలో ఒకసారి, మరికొందరికి ఇరవైసార్లు చూపించారు. ముందుకు నడుస్తున్నట్టు కనిపిస్తూ వెనక్కి జారే మూన్‌వాక్ అడుగులు, బల్లమీది గిన్నెలు కదలకుండా కింది గుడ్డను లాగేయడం వంటివి అవి. ఎక్కువసార్లు చూసినవాళ్లకు తామూ చేయగలమన్న ధీమా బాగా పెరిగింది. మూన్‌వాక్ నిజంగా చేయించి చూస్తే ఒకసారి చూసినవాళ్లకంటే మెరుగేమీ లేదు. వంటల కార్యక్రమాలు చూసీ చూసీ వంట వచ్చేసిందనుకునేవాళ్లు పాకం దగ్గర దెబ్బతినేది ఇందుకే. తీగపాకం ఎలా సాగుతుందో తెర చూపగలదు, వేళ్ల మధ్య ఎంత జిగటగా ఉంటుందో చెప్పలేదు. ఒకటి రెండుసార్లు చూసి వెంటనే చేయడం, తప్పిన చోట మళ్లీ చూడటం సరైన వరుస.

ఇక అసలు చదవడమే రానివారి సంగతి. 1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నలుగురిలో ఒకరు. మిగిలిన ముగ్గురికీ పుస్తకం ఎంత గొప్పదైనా తలుపు మూసే ఉంది. ఆ పరిస్థితిలో 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఒక ఏడాదిపాటు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం జరిగింది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకోనివ్వగా, ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా టీవీ ప్రసారాలు అందించింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగులోనే కార్యక్రమాలు వచ్చాయి. పల్లెల్లో పెట్టిన సెట్లను హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసింది. మూడు మీటర్ల వెడల్పుండే యాంటెన్నాను కోళ్లగూటికి వాడే ఇనుప వలతో కట్టారు. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. మొదట్లో జనం విరగబడి వచ్చారు, కొత్తదనం పోయాక తగ్గారు. ఆ తర్వాత కూడా వదలకుండా కూర్చున్నవారిని పరీక్షించినప్పుడు ఆరోగ్యం వంటి విషయాల్లో చదువురానివారు, ఆడవాళ్లు ఎక్కువ లాభపడినట్టు అధ్యయనాల్లో తేలింది. చదువుకున్నవారికి ఆ సంగతులు వేరే దారుల్లో ముందే తెలుసు. ఏ దారీ లేనివారికి తెర ఒక్కటే దారి అయింది.

ఏడాది గడవగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. నిలిచిపోయిన పాఠం ఒకటుంది. టీవీ, పుస్తకం పోటీ పడేది రెండూ అందుబాటులో ఉన్నచోటే. అందులో ఒకటి లేనిచోట పోలికే ఉండదు.

టీవీ నేర్పేవాటిలో పరీక్షపత్రంలో దొరకనివి కూడా ఉన్నాయి. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు 2001, 2003 మధ్య మన దేశంలోని ఐదు రాష్ట్రాల పల్లెల్లో కేబుల్ టీవీ వచ్చినప్పుడు ఏం మారిందో చూశారు. తమిళనాడు, బిహార్, హర్యానా వాటిలో ఉన్నాయి. కేబుల్ వచ్చిన ఊళ్లలో భార్యను కొట్టడం తప్పు కాదనే ఆడవాళ్లు తగ్గారు. మగపిల్లాడే కావాలన్న పట్టు సడలింది, కాన్పులు తగ్గాయి, చిన్నపిల్లలు బడిలో చేరడం పెరిగింది. వాళ్లు చూసినవి పాఠాలు కావు, ఎక్కువగా సీరియళ్లే. పట్నంలో బతికే ఆడవాళ్లు బయటికి వెళ్లడం, సంపాదించడం, నోరు విప్పి మాట్లాడటం రోజూ కంటిముందు కనిపించడమే పాఠమైంది. ఇలాంటి మార్పు పుస్తకం తేగలదు, తెచ్చింది కూడా, కాకపోతే దాన్ని చదవగలిగిన ఇంటికే పరిమితమై నెమ్మదిగా వస్తుంది. ఇదే తలుపులోంచి చెడ్డ నమూనాలు కూడా లోపలికి వస్తాయన్నది మరిచిపోకూడదు. తెర మంచీ చెడూ రెండింటినీ ఒకే తేలికతో నేర్పుతుంది.

భాష దగ్గరికి వస్తే పుస్తకానిది పైచేయి, అదీ చాలా తేడాతో. హేస్, ఆరెన్స్ అనే పరిశోధకులు 1988లో ఇంగ్లిష్‌లో అరుదైన మాటలు ఎక్కడ ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టారు. పెద్దలు రాత్రిపూట చూసే టీవీ కార్యక్రమాల్లో వెయ్యి మాటలకు 22.7. పిల్లల పుస్తకాల్లో 30.9. దినపత్రికల్లో 68.3. డిగ్రీ చదివిన పెద్దలు తమలో తాము మాట్లాడుకునే మాటల్లో 17.3 మాత్రమే. పిల్లల పుస్తకం పెద్దల టీవీని దాటిపోయిందన్నమాట. తెలుగులో ఈ దూరం ఇంకా ఎక్కువగా ఉండటానికి కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. మన టీవీ మాట వాడుక మాటకూ ఇంగ్లిష్ కలగలుపుకూ దగ్గర. పదో తరగతి వాచకంలో వచ్చే సమాసాలు, సంస్కృత పదాలు, ఊరి వృత్తుల పేర్లు అక్కడ వినపడవు. రోజూ టీవీ వినే పిల్లవాడికి తెలుగు వస్తుంది, పరీక్షలో పద్యం కింద అర్థం రాయడానికి కావలసిన తెలుగు రాదు.

విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లల్లో ఇది ఇంకా స్పష్టం. సినిమాలు చూసి మాట బాగానే పట్టుకుంటారు, తాతయ్యతో ఫోన్లో మాట్లాడతారు. అక్షరం దగ్గర ఆగిపోతారు. గుణింతం, ఒత్తులు చెవితో రావు, కన్నూ చేయీ కలిసి పనిచేస్తేనే వస్తాయి. అక్కడి పిల్లలకు తెలుగు నేర్పే మనబడి వంటి తరగతులు వాళ్ల చేత రాయించేది అందుకే.

ఇక్కడ టీవీనే అక్షరానికి మెట్టుగా మార్చే ఉపాయం మన దేశంలోనే పుట్టింది. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారి 1990ల చివర్లో సినిమా పాటలకు అదే భాషలో సబ్‌టైటిళ్లు వేయడం మొదలుపెట్టించారు. ముందు గుజరాతీ పాటల కార్యక్రమానికి, తర్వాత దూరదర్శన్ హిందీ పాటలకు. పాడుతున్న మాట రంగు మారుతూ ఉంటుంది. పాట ముందే నోటికొచ్చు కాబట్టి కన్ను అక్షరాల వెంట తానే పరుగెత్తుతుంది. అరకొరగా చదవడం వచ్చినవారికి దీనివల్ల చదివే వేగం పెరిగింది. ఇంట్లో చేసుకోవాలంటే మూడు జాగ్రత్తలు చాలు. పాట పిల్లవాడికి బాగా తెలిసినదై ఉండాలి, అక్షరాలు తెలుగు లిపిలోనే ఉండాలి, వేగం తక్కువుండాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు పాట ఈ పనికి ఎందుకూ పనికిరాదు.

మరీ చిన్నపిల్లల విషయంలో తెర ఓడిపోతుంది. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో వెల్లడించిన ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు పన్నెండుసార్లు చైనా భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ భాష ధ్వనుల్ని పట్టుకున్నారు. అదే మనిషి, అవే మాటలు డీవీడీలో వస్తే ఏమీ పట్టుకోలేదు. పక్కన ఊరికే మోగుతున్న టీవీ కూడా నష్టమే. దాన్ని ఎవరూ చూడకపోయినా, మూడేళ్లలోపు పిల్లలు ఒకే ఆట మీద నిలిచే సమయం తగ్గిపోయినట్టు 2008లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఈ వయసులో అమ్మమ్మ ఒడిలో బొమ్మల పుస్తకం చూడటం గెలిచేది పుస్తకం వల్లకన్నా అమ్మమ్మ వల్లనే.

పెద్దలకు నష్టం చేసేది తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగ్. వార్త ఒకటి వినపడుతుంటే కింద వేరే వార్త నడుస్తుంటుంది. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2005లో ఇలాంటి తెరను, శుభ్రంగా ఉన్న తెరను పోల్చి చూస్తే స్క్రోలింగ్ ఉన్నప్పుడు గుర్తున్న సంగతులు తగ్గాయి. బొమ్మ, మాట ఒకే సంగతి చెప్పినప్పుడు టీవీ బలం పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లో పిల్లల వార్తల మీద జరిగిన పరీక్షల్లో అచ్చులో చదివినదానికంటే టీవీలో చూసినదే పిల్లలకు ఎక్కువ గుర్తుంది, బొమ్మ మాటకు సరిపోయినంతవరకు. మన వార్తాఛానళ్లలో నాలుగు కిటికీల్లో నలుగురు అరుస్తుంటే, పైన ఒకటి కింద ఒకటి పరుగెత్తుతుంటే ఆ బలమంతా వృథా.

బడి పాఠానికి వద్దాం. కరోనాకాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు టీవీ చదువు అంటే ఏమిటో లక్షల ఇళ్లకు తెలిసొచ్చింది. ఆ చదువులోని లోపం ఎక్కువగా పాఠంలో లేదు, పాఠం మధ్యలో ఆగే చోటు లేకపోవడంలో ఉంది. హార్వర్డ్ పరిశోధకులు 2013లో 21 నిమిషాల గణాంక శాస్త్ర వీడియోను నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్క తర్వాత ఒక జట్టుకు చిన్న పరీక్ష పెట్టారు. పరీక్ష లేనివాళ్లలో మనసు ఎటో పోయిందని చెప్పిన సందర్భాలు దాదాపు 41 శాతం, పరీక్ష ఉన్నవాళ్లలో 19 శాతం. పరీక్ష ఉన్నవాళ్లు నోట్సు ఎక్కువ రాసుకున్నారు, చివరి పరీక్షలోనూ మెరుగ్గా రాశారు.

ఇంట్లో పదో తరగతి పిల్లవాడు చేయగలిగిన పద్ధతి దీన్నిబట్టే తయారవుతుంది. పాఠం పెట్టేముందు ఐదు నిమిషాలు పుస్తకం తెరిచి శీర్షికలు, బొమ్మలు, చివరి ప్రశ్నలు చూసి, జవాబు కావలసిన మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోవాలి. చూస్తున్నప్పుడు పూర్తి వాక్యాలు ఎక్కించుకోకూడదు, ఒకటి రాస్తుండగా చెవి తర్వాతి రెండింటిని వదిలేస్తుంది. ముఖ్యమైన మాటలు, బాణం గుర్తులు చాలు. ఐదారు నిమిషాలకోసారి ఆపాలి. ఆపే వీల్లేని ప్రసారమైతే తర్వాత యూట్యూబ్‌లో దొరికే రికార్డింగ్ మేలు. ఆపిన ప్రతిసారీ పుస్తకం, తెర రెండూ చూడకుండా రెండు నిమిషాలు గుర్తున్నది రాయాలి. ఆ తర్వాతే పుస్తకం తెరిచి, తప్పినదాన్ని ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. ఈ ఎర్ర గీతలే అసలు పాఠం. అర్థమైందనుకున్నదీ నిజంగా వచ్చినదీ ఎక్కడ వేరో అవి చూపిస్తాయి.

పిల్లలు ఎక్కువగా తప్పించుకునేది ఈ చూడకుండా రాసే అడుగునే. దాని బదులు వీడియోను రెండోసారి చూస్తారు, లేదా పేజీని మళ్లీ చదువుతారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికీ 2006లో ఒకే గద్యాన్ని కొందరితో మళ్లీ చదివించారు, కొందరితో గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం గడిచాక వాళ్లకు గుర్తున్నది 42 శాతం, రాసినవారికి 56 శాతం. పుస్తకం పట్టుకుంటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. పుస్తకాన్ని సీరియల్‌లా చదవవచ్చు, చాలామంది అలాగే చదువుతారు. ఫోన్‌లో పీడీఎఫ్ చదివితే ఇంకొంత నష్టం. 2018లో వచ్చిన ఒక విశ్లేషణ 54 అధ్యయనాల్ని కలిపి చూస్తే, సమాచారం ఇచ్చే పాఠాలు, సమయం తక్కువున్న చదువు, ఈ రెండింటిలోనూ కాగితానిదే పైచేయి అని తేలింది.

సమయం ఎలా పంచుకోవాలన్నది సబ్జెక్టును బట్టి మారుతుంది. గుండె ఎలా కొట్టుకుంటుంది, కటకం గుండా కిరణం ఎలా వంగుతుంది, ప్రయోగశాలలో టైట్రేషన్ చేస్తూ, అంటే ఒక ద్రావణంలో ఇంకోదాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత కొలుస్తుంటే, రంగు ఎప్పుడు మారుతుంది వంటివాటికి ముందు వీడియో, తర్వాత పుస్తకం. చరిత్ర, తెలుగు, అర్థశాస్త్రానికి ముందు పుస్తకం, ఆ తర్వాత కావాలంటే వీడియో. గణితంలో ఒక లెక్క చేసే తీరు తెరమీద చూశాక రెండో లెక్క మొదలయ్యేలోపే ఆపేసి, దాన్ని సొంతంగా చేసి, తర్వాత పోల్చుకోవాలి. ఏ సబ్జెక్టయినా ఇరవై నిమిషాల వీడియోకు కనీసం నలభై నిమిషాలు పుస్తకం, కాగితం, పెన్నుకు ఉంచుకోవాలి. అంత సమయం లేని రోజున వీడియోలో సగమే చూసి, ఆ సగానికి రాతపని పూర్తిచేసి, మిగతాది మర్నాటికి వదిలేయడం మేలు.